జుబిన్ మెహతా అంతర్జాతీయ సంగీత ప్రస్థానం: వాద్యబృంద నిర్దేశకుని అధికారం – పరిధులు

వ్యాస సంగ్రహం:

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ఆర్కెస్ట్రానూ ఒపేరానూ నడిపించే కండక్టర్ స్వయంగా ఒక్క స్వరమైనా పలికించడు. అయినా ప్రదర్శన ఫలితానికి ప్రధాన బాధ్యత అతనిదే. బొంబాయిలో పుట్టి, వియన్నాలో శిక్షణ పొంది, ఉత్తర అమెరికా, ఇజ్రాయెల్, ఇటలీ, జర్మనీ దేశాల ప్రముఖ సంగీత సంస్థలకు సారథ్యం వహించిన జుబిన్ మెహతా ప్రస్థానం ఆధారంగా ఈ బాధ్యత స్వరూపాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. వాద్యబృందంపై నిర్దేశకునికి ఉండే అధికారం ఎలా ఏర్పడుతుంది, ఒపేరాలో అది ఎలా మారుతుంది, శ్రోతల చారిత్రక స్మృతి ఎదురైనప్పుడు అది ఎక్కడ ఆగిపోతుంది అనే మూడు ప్రశ్నలను ఇది పరిశీలిస్తుంది. 'సంగీతం విశ్వభాష' అనే ప్రసిద్ధ భావనకు ఉన్న పరిమితులను 1981 నాటి టెల్ అవీవ్, 2011 నాటి లండన్, 2013 నాటి శ్రీనగర్ కచేరీల ద్వారా చర్చిస్తుంది.

కీలక పదాలు: జుబిన్ మెహతా, వాద్యబృంద నిర్దేశకుడు, ఆర్కెస్ట్రా, ఒపేరా, స్వరపత్రం, వాగ్నర్, ఇజ్రాయెల్ ఫిల్హార్మోనిక్, చారిత్రక స్మృతి.

ఉపోద్ఘాతం

జుబిన్ మెహతా 1936 ఏప్రిల్ 29న బొంబాయిలో పార్సీ కుటుంబంలో జన్మించారు. 18 ఏళ్ల వయసులో వియన్నా చేరారు. 26 ఏళ్లకే లాస్ ఏంజెలస్ ఫిల్హార్మోనిక్‌కు సారథి అయ్యారు. తరువాతి ఐదున్నర దశాబ్దాల్లో న్యూయార్క్, టెల్ అవీవ్, ఫ్లోరెన్స్, మ్యూనిక్ నగరాల సంగీత సంస్థలకు నాయకత్వం వహించారు. భారత ప్రభుత్వం ఆయనకు 1966లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్ పురస్కారాలు అందజేసింది.

ఈ వివరాలు పత్రికలలో తరచుగా కనిపించేవే. భారతీయుడొకరు పాశ్చాత్య సంగీతంలో ఉన్నత శిఖరాలు అధిరోహించారన్న గర్వంతో ఆ రచనలు సాధారణంగా ముగుస్తాయి. అయితే ఒక వ్యక్తి ఒకే సమయంలో రెండు మూడు దేశాలలో, భిన్న భాషల వాద్యకారులను నడిపించడం ఎలా సాధ్యమవుతుందో, ఒక నగరంలో కరతాళధ్వనులు అందుకున్న స్వరాలే మరో నగరంలో నిరసనకు ఎందుకు కారణమవుతాయో అవి వివరించవు. ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం నిర్దేశకుని వృత్తి స్వభావంలోనే ఉంది. కాబట్టి ఆ వృత్తిని ముందుగా పరిశీలించవలసి ఉంటుంది.

1. వాద్యబృంద నిర్దేశకుడు: పదం – పని

పరిభాష విషయంలో ఒక స్పష్టత అవసరం. తెలుగు చలనచిత్ర రంగంలో 'సంగీత దర్శకుడు' అంటే పాటలకు బాణీలు కట్టే వ్యక్తి. పాశ్చాత్య ఆర్కెస్ట్రాలో 'మ్యూజిక్ డైరెక్టర్' అనే పదవి దీనికి భిన్నమైనది. ఆ పదవిలో ఉన్నవారు సంగీతాన్ని రచించనవసరం లేదు. ఇతరులు రచించిన కృతులను ఎంపిక చేయడం, వాద్యబృందం చేత సాధన చేయించడం, కచేరీలు నడపడం, కొత్త వాద్యకారుల నియామకంలో పాలుపంచుకోవడం వారి విధులు. అందువల్ల ఈ వ్యాసంలో కండక్టర్‌ను 'వాద్యబృంద నిర్దేశకుడు' అనీ, మ్యూజిక్ డైరెక్టర్‌ను 'ప్రధాన నిర్దేశకుడు' అనీ వ్యవహరించడమైంది.

కర్ణాటక సంగీత కచేరీలో ఇటువంటి పాత్ర లేదు. ప్రధాన గాయకుడే అక్కడ నాయకుడు. వయొలిన్, మృదంగ విద్వాంసులు ఆయన మనోధర్మాన్ని అనుసరిస్తారు. తాళం అందరికీ ఉమ్మడి ఆధారం. కూచిపూడి ప్రదర్శనలో నట్టువాంగం నిర్వహించేవారు తాళాలు పట్టి, జతులు పలుకుతూ నర్తకులనూ వాద్యకారులనూ ఒక్కతాటిపై నడిపిస్తారు. నిర్దేశకుని పనికి మన సంప్రదాయంలో కొంత దగ్గరగా ఉన్నది ఇదే. అయితే నట్టువాంగం వినబడుతుంది. నిర్దేశకుని బెత్తం వినబడదు.

పెద్ద ఆర్కెస్ట్రాలో 80 నుంచి 100 మంది వరకు వాద్యకారులు ఉంటారు. ఒక్కొక్కరి ముందు ఉండేది వారి వాద్యానికి సంబంధించిన భాగం మాత్రమే. అన్ని వాద్యాల భాగాలనూ ఒకదాని కింద ఒకటిగా పొందుపరచిన పూర్తి స్వరపత్రం నిర్దేశకుని ముందు ఉంటుంది. కృతి మొత్తాన్ని ఏకకాలంలో చూడగలిగిన స్థానం అతనికి ఈ విధంగా లభిస్తుంది. సాధారణంగా కుడి చేయి లయను సూచిస్తుంది. ఎడమ చేయి ధ్వని తీవ్రతనూ, భావాన్నీ, ఏ వాద్యం ఎప్పుడు ప్రవేశించాలన్న విషయాన్నీ తెలుపుతుంది. ఆ చేతి కదలిక ఎప్పుడూ ధ్వనికి ముందుగానే ఉంటుంది. తొలి స్వరం మోగకముందు బెత్తాన్ని పైకి ఎత్తే వేగంలోనే రాబోయే లయ, ఆ ఎత్తే తీరులోనే రాబోయే ధ్వని స్వభావం వాద్యకారులకు తెలియాలి.

అయితే ఈ పనిలో అధిక భాగం సభలో జరగదు. అతిథిగా వచ్చిన నిర్దేశకునికి కచేరీకి ముందు సాధారణంగా మూడు నాలుగు సాధన సమావేశాలే దొరుకుతాయి. వాద్యకారులు ఆ కృతిని అంతకు ముందు ఎందరో నిర్దేశకుల వద్ద వాయించి ఉంటారు. కొద్ది గంటలలో వారి నమ్మకాన్ని పొందలేకపోతే పదవి వల్ల వచ్చిన అధికారం పేరుకే మిగులుతుంది. స్వరపత్రాల లిపి, లయసూచక సంజ్ఞలు దేశదేశాలలో దాదాపు ఒక్కటే కావడం వల్ల నిర్దేశకుడు ఏ నగరంలోనైనా పనిచేయగలడు. ఆ నగరంలో నిలదొక్కుకోవడం మాత్రం అక్కడి మనుషుల మీద ఆధారపడుతుంది.

2. బొంబాయి నేపథ్యం

జుబిన్ తండ్రి మెహలీ మెహతా (1908–2002) వయొలిన్ విద్వాంసుడు. 1935లో బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రాను స్థాపించారు. నౌకాదళ బ్యాండు వాద్యకారులు, గోవా నుంచి వచ్చిన సంగీతజ్ఞులు, నగరంలో నివసిస్తున్న ఐరోపావాసులు, ఔత్సాహికులు కలిసి పనిచేసిన బృందమది. అటువంటి బృందాన్ని సాధనకు సమీకరించడమే ఒక పెద్ద పని. జుబిన్ ఆ సాధనల మధ్యనే పెరిగారు. తండ్రి ఇంట్లో వినిపించే గ్రామఫోన్ రికార్డులు, తీగవాద్య చతుష్టయపు సాధనలు ఆయన తొలి పాఠాలు. కౌమారంలోనే తండ్రి బృందం సాధనలలో సహాయం చేసే అవకాశం లభించింది.

మెహలీ మెహతా స్వయంగా తన విద్యకు బొంబాయి చాలదని గుర్తించినవారు. 1945లో న్యూయార్క్ వెళ్లి ప్రఖ్యాత ఆచార్యుడు ఇవాన్ గలామియన్ వద్ద శిక్షణ పొందారు. తరువాత ఇంగ్లండులోని హాలే ఆర్కెస్ట్రాలో వాయించారు. 1960లలో లాస్ ఏంజెలస్‌లో స్థిరపడి అమెరికన్ యూత్ సింఫనీని స్థాపించి 33 ఏళ్లు నడిపించారు. కుమారుని ప్రస్థానాన్ని ఏకాకి ప్రతిభావంతుని విజయగాథగా చూడడం ఈ కారణంగా పొరపాటు అవుతుంది. ఒక తరం ముందే ఆ కుటుంబంలో వలస ప్రారంభమైంది. వృత్తిగా సింఫనీ సంగీతాన్ని చేపట్టదలచినవారికి ఆనాటి బొంబాయిలో పునాది దొరికింది కానీ జీవనాధారం దొరకలేదు.

జుబిన్ మొదట వైద్యవిద్యకు సన్నాహంగా సెయింట్ జేవియర్స్ కళాశాలలో చేరారు. దాన్ని మధ్యలోనే విడిచి 1954లో వియన్నా బయలుదేరారు.

3. వియన్నా శిక్షణ (1954–1958)

వియన్నా సంగీత అకాడమీలో మెహతా గురువు హాన్స్ స్వరోవ్‌స్కీ. ఆయన షోన్‌బెర్గ్, వెబెర్న్‌ల వద్ద చదువుకున్నవారు. నిర్దేశకుని హావభావాల ఆర్భాటాన్ని ఆయన అంగీకరించేవారు కాదు. కృతి నిర్మాణాన్ని స్వరపత్రం నుంచి విశ్లేషించి, వాక్యవిభాగాలను గుర్తించి, ఆ తరువాతనే చేయి ఎత్తాలన్నది ఆయన బోధనా సూత్రం. మెహతాతో పాటు క్లాడియో అబ్బాడో, తరువాతి తరంలో మారిస్ జాన్సన్స్ వంటి భిన్న స్వభావాల నిర్దేశకులు ఈ శిక్షణ నుంచే వచ్చారు.

మెహతా అకాడమీలో డబుల్ బాస్ వాద్యాన్నీ అభ్యసించారు. ఆర్కెస్ట్రా ధ్వనికి అడుగున ఉండే ఈ గంభీర వాద్యం, బృందం మధ్య నుంచి సంగీతాన్ని వినే అవకాశమిచ్చింది. మరో పాఠం బృందగానం ద్వారా లభించింది. ప్రసిద్ధ నిర్దేశకుల సాధనలను బయటివారు చూడడానికి అనుమతి ఉండేది కాదు. మెహతా, అబ్బాడో ఇద్దరూ మ్యూజిక్‌ఫెరైన్ బృందగాయకులుగా చేరి బ్రూనో వాల్టర్, కరాయన్ వంటివారు సాధన చేయించే తీరును వేదిక మీద నుంచే గమనించారు. 1956 వేసవిలో ఇటలీలోని సియెనాలో జరిగిన శిక్షణ తరగతుల్లో డేనియల్ బారెన్‌బాయిమ్‌తో పరిచయమైంది. ఆ స్నేహం జీవితకాలం కొనసాగింది.

అదే సంవత్సరం హంగేరీ తిరుగుబాటు అణచివేతకు గురైంది. వేలాది శరణార్థులు ఆస్ట్రియా చేరారు. మెహతా కొద్ది రోజులలోనే విద్యార్థి వాద్యకారులను కూడగట్టి వియన్నా సమీపంలోని శరణార్థి శిబిరంలో కచేరీ నడిపారు. సంగీతాన్ని దాని సాధారణ సభాస్థలి నుంచి గాయపడిన మనుషుల వద్దకు తీసుకువెళ్లాలన్న తపన ఆయన ప్రస్థానం పొడవునా కనిపిస్తుంది. దాని తొలి రూపం ఈ కచేరీ.

1958లో లివర్‌పూల్‌లో జరిగిన అంతర్జాతీయ నిర్దేశకుల పోటీలో మెహతా ప్రథమ బహుమతి పొందారు. దానితో పాటు అక్కడి రాయల్ లివర్‌పూల్ ఫిల్హార్మోనిక్‌లో ఏడాదిపాటు సహాయ నిర్దేశకుని ఉద్యోగం వచ్చింది.

4. మాంట్రియల్, లాస్ ఏంజెలస్, న్యూయార్క్

యువ నిర్దేశకులకు తొలి అవకాశాలు తరచుగా పెద్దల అనారోగ్యం వల్ల వస్తాయి. 1960లో ఇగోర్ మార్కెవిచ్‌కు బదులుగా మాంట్రియల్‌లో, 1961 ఆరంభంలో ఫ్రిట్జ్ రైనర్‌కు బదులుగా లాస్ ఏంజెలస్‌లో మెహతా కచేరీలు నడిపారు. రెండు చోట్లా ప్రేక్షకులూ వాద్యకారులూ ఆకర్షితులయ్యారు. 1961లో మాంట్రియల్ సింఫనీకి ప్రధాన నిర్దేశకుడయ్యారు.

లాస్ ఏంజెలస్ నియామకం వివాదంతో మొదలైంది. ఆ సంస్థకు అప్పటికే జార్జ్ షోల్టీ ప్రధాన నిర్దేశకునిగా ఎంపికై ఉన్నారు. ఆయనను సంప్రదించకుండా పాలకవర్గం మెహతాను సహాయ నిర్దేశకునిగా తీసుకుంది. షోల్టీ అందుకు అభ్యంతరం తెలిపి పదవి చేపట్టకుండానే తప్పుకున్నారు. ఫలితంగా 1962లో ఆ పదవి మెహతాకు దక్కింది. అభ్యర్థి ప్రతిభతో పాటు పాలకవర్గ సభ్యుల అభిరుచి, నిధుల సమీకరణ అవసరాలు, ప్రజాకర్షణ కూడా అమెరికన్ ఆర్కెస్ట్రాల నియామకాలను నిర్ణయిస్తాయని ఈ ఉదంతం స్పష్టం చేస్తుంది.

లాస్ ఏంజెలస్‌లో మెహతా 1978 వరకు 16 ఏళ్లు కొనసాగారు. 1964 డిసెంబరులో డొరొతీ చాండ్లర్ పెవిలియన్ ప్రారంభ కచేరీని వయొలిన్ విద్వాంసుడు జాషా హైఫెట్జ్‌తో కలిసి నడిపారు. 1960ల చివరి నుంచి డెక్కా సంస్థకు చేసిన ధ్వనిముద్రణలు, ముఖ్యంగా రిచర్డ్ స్ట్రాస్, స్ట్రావిన్‌స్కీ, హోల్స్ట్ కృతులు ఆ బృందానికి అంతర్జాతీయ గుర్తింపు తెచ్చాయి. తీగవాద్యాలలో వియన్నా సంప్రదాయపు నిండైన, వెచ్చని ధ్వనిని రాబట్టడం ఆయన లక్ష్యం. ఒకే బృందంతో ఏళ్ల తరబడి చేసిన సాధన వల్లనే అటువంటి మార్పు వస్తుంది. అతిథి నిర్దేశకునికి దానికి వ్యవధి ఉండదు.

న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ (1978–1991) మరో రకమైన పరీక్ష. ఆ బృందం వాద్యకారులు నిర్దేశకులను లెక్కచేయరన్న అర్థం వచ్చేలా 1960ల చివర మెహతా చేసిన వ్యాఖ్యలు అప్పట్లో వారి ఆగ్రహానికి కారణమయ్యాయి. పదేళ్ల తరువాత అదే బృందానికి ఆయన అధిపతిగా వెళ్లారు. అక్కడ 13 ఏళ్లు పనిచేసి వెయ్యికి పైగా కచేరీలు నడిపారు. నగర విమర్శకులు ఆయన పట్ల తరచుగా కఠినంగా వ్యవహరించారు. వైభవోపేతమైన ధ్వని ఉన్నా లోతు చాలలేదన్నది వారి ప్రధాన ఆక్షేపణ. వాద్యకారులతో సంబంధం మాత్రం నిలిచింది. 1981లో రవిశంకర్ రెండవ సితార్ కన్‌చెర్టో 'రాగమాల' ఈ బృందంతోనే తొలిసారి వినిపించింది. ఆ రచనను కోరి రాయించుకున్నది కూడా ఈ సంస్థే. పదవి విడిచిన తరువాత 1992లో మెహతా మళ్లీ వచ్చి, ఆ సంవత్సరమే మరణించిన ఫ్రెంచి స్వరకర్త ఒలివియే మెస్సియాన్ చివరి పెద్ద కృతి తొలి ప్రదర్శనను నడిపారు.

5. ఒపేరా: ఊపిరితో సాగే లయ

సింఫనీ కచేరీలో నిర్దేశకుడు వేదిక మధ్యలో అందరికీ కనిపిస్తాడు. ఒపేరాలో వేదిక ముందు పల్లంలో వాద్యబృందంతో పాటు సగం మరుగున ఉంటాడు. గాయకులు దూరంగా, కదులుతూ, నటిస్తూ పాడతారు. తెర వెనుక బృందగాయకులు ఉంటారు. గాయకుని ఊపిరి ఎక్కడ ఆగుతుందో ముందే గ్రహించి వాద్యబృందాన్ని అందుకు సిద్ధం చేయాలి. వేదిక, పల్లం మధ్య ధ్వని చేరే వ్యవధిలోని తేడాను సరిదిద్దాలి. రంగస్థల దర్శకుడు, దృశ్యాలంకరణ నిపుణుడు, నటగాయకులు, నాట్యశాల యాజమాన్యం అందరితోనూ సమన్వయం కుదరాలి. ఇక్కడ అధికారం పంచుకోక తప్పదు.

మెహతా 1965 డిసెంబరు 29న వెర్డి 'ఐదా'తో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో ప్రవేశించారు. 1977లో 'ఒతెల్లో'తో లండన్ కోవెంట్ గార్డెన్‌లో అడుగుపెట్టారు. 1972లో లండన్ ఫిల్హార్మోనిక్‌తో చేసిన పుచ్చీని 'తురాన్దోత్' ధ్వనిముద్రణలో జోన్ సదర్లండ్, లుచానో పవరొత్తి, మొన్‌సెరాత్ కబయే పాడారు. ఆ కృతి ధ్వనిముద్రణలలో దానికి ఇప్పటికీ అగ్రస్థానం ఇచ్చేవారు ఎందరో ఉన్నారు.

ఒపేరాలో ఆయనకు దీర్ఘకాలిక నిలయం ఫ్లోరెన్స్. మజ్జో మ్యూజికాలె సంస్థకు 1985 నుంచి 2017 వరకు ప్రధాన నిర్దేశకునిగా ఉన్నారు. చైనా చలనచిత్ర దర్శకుడు ఝాంగ్ యిమౌ 1997లో ఫ్లోరెన్స్‌లో రూపొందించిన 'తురాన్దోత్' ప్రదర్శనను మరుసటి ఏడాది బీజింగ్ నిషిద్ధ నగరం ఆవరణలో ప్రదర్శించారు. ఇటలీ స్వరకర్త ఊహించుకున్న చైనా కథ, చైనా దర్శకుని చేతిలో, భారతీయ నిర్దేశకుని సారథ్యంలో, ఇటలీ వాద్యబృందంతో చైనా చక్రవర్తుల ప్రాంగణానికి చేరింది.

నిర్దేశకుని పని ఎంత సున్నితమైనదో 1992 జూలై 11, 12 తేదీలలో రోములో జరిగిన 'తోస్కా' ప్రత్యక్ష ప్రసారం తెలియజేస్తుంది. పుచ్చీని కథలో పేర్కొన్న చర్చి, రాజప్రాసాదం, కోట అనే మూడు వాస్తవ స్థలాలలోనే, కథలో సూచించిన వేళలలోనే గాయకులు నటించారు. మెహతా, వాద్యబృందం ఆ స్థలాలకు దూరంగా స్టూడియోలో ఉన్నారు. దృశ్య తెరల ద్వారా గాయకులకు ఆయన చేయి, ఆయనకు గాయకులు కనిపించేవారు. వందకు పైగా దేశాలు దీనిని వీక్షించాయి. దీనికి రెండేళ్ల ముందు, 1990 జూలై 7న రోములోని కరకళ్ల స్నానశాలల శిథిలాల మధ్య పవరొత్తి, దొమింగో, కరేరాస్‌లతో నడిపిన 'ముగ్గురు టెనర్ల' కచేరీ ధ్వనిముద్రణ శాస్త్రీయ సంగీత విక్రయాలలో అపూర్వ స్థాయిని అందుకుంది. ఈ జనాదరణను కొందరు విమర్శకులు సంగీతాన్ని అంగడి సరుకుగా మార్చడంగా భావించారు. ఒపేరాను ఎన్నడూ విననివారు తొలిసారి విన్నారన్నది మరో వాదం.

1998 నుంచి 2006 వరకు మెహతా మ్యూనిక్‌లోని బవేరియా రాష్ట్ర ఒపేరాకు ప్రధాన నిర్దేశకులు. వాగ్నర్ రచించిన 'ట్రిస్టాన్ ఉండ్ ఇజోల్డె' 1865లో తొలిసారి ప్రదర్శితమైనది ఈ నాట్యశాలలోనే. ఈ అంశం తరువాతి చర్చకు కీలకం.

6. ఒకే స్వరాలు, వేరు వేరు స్మృతులు

ఇజ్రాయెల్ ఫిల్హార్మోనిక్ 1936లో, మెహతా పుట్టిన సంవత్సరంలోనే, పాలస్తీనా ఆర్కెస్ట్రా పేరుతో ఏర్పడింది. ఐరోపాలో ఉద్యోగాలు కోల్పోయిన యూదు వాద్యకారులను బ్రోనిస్లా హూబెర్మాన్ కూడగట్టి నెలకొల్పిన సంస్థ ఇది. మెహతా 1961లో యూజీన్ ఆర్మండీకి బదులుగా తొలిసారి ఈ బృందాన్ని నడిపారు. 1969లో సంగీత సలహాదారు, 1977లో ప్రధాన నిర్దేశకుడు అయ్యారు. 1981లో బృందం ఆయనకు ఆ పదవిని జీవితకాలానికి ఇచ్చింది. 1967, 1991 యుద్ధ సమయాలలో ఆయన ఇతర కార్యక్రమాలను వదులుకొని ఇజ్రాయెల్ వెళ్లారు. ఇంతకన్నా గాఢమైన బంధం ఒక నిర్దేశకునికీ వాద్యబృందానికీ మధ్య అరుదు.

1938 నవంబరులో జర్మనీలో యూదులపై జరిగిన దాడుల తరువాత ఈ బృందం వాగ్నర్ సంగీతాన్ని వాయించడం మానుకుంది. వాగ్నర్ యూదు వ్యతిరేక రచనలు, నాజీ పాలనలో ఆయన సంగీతానికి లభించిన స్థానం ఇందుకు కారణాలు. 1981 అక్టోబరులో టెల్ అవీవ్ కచేరీ ముగిశాక, ఇష్టంలేనివారు వెళ్లవచ్చునని ముందే ప్రకటించి, 'ట్రిస్టాన్' ముగింపు భాగాన్ని మెహతా అదనపు అంశంగా ప్రారంభించారు. సభలో గందరగోళం చెలరేగింది. సభాభవనంలో పనిచేసే ఒక వ్యక్తి వేదిక వద్దకు వచ్చి తన ఒంటి మీది గాయాల మచ్చలను చూపారు. ఆ ప్రయత్నం కొనసాగలేదు. చట్టబద్ధం కాని ఆ నిషేధం అలాగే నిలిచింది. ఆ సంవత్సరమే జీవితకాల పదవి ఇచ్చిన బృందాన్ని ఆయన బెత్తం నడిపించగలిగింది. శ్రోతల శరీరాలలో మిగిలిన జ్ఞాపకం మాత్రం దానికి లోబడలేదు.

1998లో ఇదే 'ట్రిస్టాన్'ను మెహతా మ్యూనిక్‌లో పూర్తిగా నడిపారు. అక్కడ అది ఆ నాట్యశాల వారసత్వం. స్వరపత్రంలో ఒక్క స్వరమైనా మారలేదు. వినేవారు మారారు. మరుసటి ఏడాది ఆగస్టులో, బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం ఉన్న ప్రదేశానికి సమీపంలోని వైమార్‌లో ఇజ్రాయెల్ ఫిల్హార్మోనిక్, బవేరియా రాష్ట్ర ఆర్కెస్ట్రా వాద్యకారులు పక్కపక్కన కూర్చొని మాలర్ రెండవ సింఫనీని మెహతా సారథ్యంలో వాయించారు. మాలర్ యూదు కుటుంబంలో పుట్టిన స్వరకర్త. 'పునరుత్థానం' అన్న పేరుతో ప్రసిద్ధమైన కృతి అది. 1981లో తెరుచుకోని తలుపు ఇక్కడ తెరుచుకోవడానికి కారణం కృతి ఎంపికతో పాటు ఇరుపక్షాల సమ్మతి.

ఈ బంధమే మరోచోట నిరసనకు కారణమైంది. 2011 సెప్టెంబరు 1న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో ఇజ్రాయెల్ ఫిల్హార్మోనిక్ కచేరీకి పాలస్తీనా అనుకూల నిరసనకారులు పదేపదే అడ్డుతగిలారు. రేడియో ప్రత్యక్ష ప్రసారం నిలిచిపోయింది. ఇజ్రాయెల్ ప్రభుత్వ విధానాలను మెహతా బహిరంగంగా విమర్శించిన సందర్భాలు ఉన్నాయి. అయినా నిరసనకారుల దృష్టిలో ఆ బృందం ఒక దేశానికి ప్రతినిధి. అంతకు ముందు 1984లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఆసియా పర్యటనలో యూదు ఇతివృత్తం గల బ్లాఖ్ కృతిని తొలగించమని మలేసియా ప్రభుత్వం కోరడంతో చివరకు అక్కడి కచేరీలు రద్దయ్యాయి. అంతర్జాతీయ నిర్దేశకుడు సరిహద్దులు దాటిన ప్రతిసారీ తాను సారథ్యం వహించే సంస్థ చరిత్రను కూడా వెంట తీసుకువెళతాడు.

1994 జూన్‌లో సారయేవోలో పరిస్థితి వేరు. ముట్టడిలో ధ్వంసమైన జాతీయ గ్రంథాలయ శిథిలాలలో మొజార్ట్ 'రెక్వియం'ను ఆ నగర వాద్యకారులు, బృందగాయకులతోనే మెహతా నడిపారు. గాయపడినవారే అక్కడ వాద్యకారులు. బయటినుంచి వచ్చిన నిర్దేశకుడు వారి దుఃఖానికి లయ మాత్రమే అందించారు.

7. స్వదేశంలో నిర్దేశకుడు

మెహతా భారత పౌరసత్వాన్ని విడిచిపెట్టలేదు. 1984లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌తో, భారత్–ఇజ్రాయెల్ పూర్తిస్థాయి దౌత్యసంబంధాలు (1992) ఏర్పడిన తరువాత 1994లో ఇజ్రాయెల్ ఫిల్హార్మోనిక్‌తో స్వదేశం వచ్చారు. తండ్రి పేరిట ముంబయిలో మెహలీ మెహతా మ్యూజిక్ ఫౌండేషన్ 1995లో ఏర్పడింది.

2005 డిసెంబరు 26న, సునామీ జరిగి ఏడాది నిండిన రోజున, బవేరియా రాష్ట్ర ఆర్కెస్ట్రాతో చెన్నై మ్యూజిక్ అకాడమీలో మెహతా కచేరీ చేశారు. తమిళనాడుతో పాటు ఆంధ్ర తీరాన్నీ తాకిన విపత్తు అది. మార్గశిర మాసపు కర్ణాటక సంగీతోత్సవాలకు నిలయమైన వేదికపై జర్మనీ ఆర్కెస్ట్రా వినిపించిన సంస్మరణకు ఎటువంటి వ్యతిరేకతా ఎదురుకాలేదు. దుఃఖం అందరిదీ, సందర్భం అందరికీ సమ్మతం.

2013 సెప్టెంబరు 7న శ్రీనగర్ షాలిమార్ ఉద్యానంలో 'ఎహ్సాసే కశ్మీర్' పేరుతో జర్మనీ రాయబార కార్యాలయం ఏర్పాటు చేసిన కచేరీ ఇందుకు భిన్నం. వాద్యబృందం చెన్నైకి వచ్చినదే. కశ్మీరీ వాద్యకారులు కూడా పాల్గొన్నారు. అయితే ప్రవేశం ఆహ్వానితులకే పరిమితం. భద్రత కట్టుదిట్టం. వేర్పాటువాద నాయకులు బంద్‌కు పిలుపునిచ్చారు. పౌరసమాజానికి చెందిన కొందరు అదే రోజు 'హకీకతే కశ్మీర్' పేరుతో ప్రత్యామ్నాయ సభ జరిపారు. 'ఎహ్సాస్' అంటే అనుభూతి, 'హకీకత్' అంటే వాస్తవం. రెండు శీర్షికల మధ్య ఉన్న ఈ తేడాలోనే వివాదం సారాంశం ఉంది. తదుపరి కచేరీ అందరూ రాగలిగిన మైదానంలో జరగాలని మెహతా ఆకాంక్షించారు. సభలో ఎవరికి చోటు ఉండాలన్న నిర్ణయం నిర్దేశకుని చేతిలో ఉండదని ఈ కచేరీ తెలియజేసింది.

సంస్థల విషయంలో మరో ప్రశ్న మిగిలింది. మెహతా వంటి నిర్దేశకుని ప్రపంచానికి ఇచ్చిన నగరంలో వృత్తిపరమైన స్థిర ఆర్కెస్ట్రా, సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా, 2006లో గానీ ఏర్పడలేదు. 2023లో, 87 ఏళ్ల వయసులో, మెహతా ముంబయిలో ఆ బృందాన్ని నడిపారు. 1935లో తండ్రి ప్రారంభించిన ప్రయత్నానికి కొనసాగింపుగా దీనిని పరిగణించవచ్చు. ఒక వ్యక్తి కీర్తి ఒక సంప్రదాయాన్ని నెలకొల్పదు. అందుకు పాఠశాలలు, వేతనాలు, శ్రోతలు కావాలి.

ముగింపు

పై పరిశీలన వల్ల ఈ అంశాలు స్పష్టమవుతున్నాయి.

1. స్వరపత్రం, లయసూచక సంజ్ఞలు దేశాల మధ్య ఉమ్మడిగా ఉండడం వల్ల వాద్యబృంద నిర్దేశకుని వృత్తి స్వభావరీత్యా అంతర్జాతీయమైనది. బొంబాయి యువకుడు వియన్నా శిక్షణతో నాలుగు ఖండాలలో పనిచేయగలగడానికి ఇదే ఆధారం.

2. నిర్దేశకుని అధికారం పదవి వల్ల మాత్రమే రాదు. లాస్ ఏంజెలస్, న్యూయార్క్ అనుభవాలు చూపినట్లు, పాలకవర్గాల నిర్ణయంతో ప్రారంభమై వాద్యకారుల విశ్వాసంతో నిలుస్తుంది.

3. ఒపేరాలో ఈ అధికారం గాయకులు, రంగస్థల దర్శకులతో పంచుకోబడుతుంది. గాయకుని ఊపిరి అక్కడ లయను నిర్ణయించే అంశాలలో ఒకటి.

4. సంగీత సంకేతాలు విశ్వవ్యాప్తమైనంత మాత్రాన వాటి అర్థం విశ్వవ్యాప్తం కాదు. 'ట్రిస్టాన్'కు మ్యూనిక్‌లో లభించిన ఆదరణ, టెల్ అవీవ్‌లో ఎదురైన వేదన ఇందుకు నిదర్శనాలు.

5. సారయేవో, వైమార్, చెన్నై కచేరీలలో శ్రోతల సమ్మతి ముందుగా ఉంది. టెల్ అవీవ్, శ్రీనగర్‌లలో ఆ సమ్మతి సమకూరలేదు. స్మృతి భారం మోస్తున్న స్థలాలలో సంగీతం ఊరటనివ్వడానికి అక్కడివారి భాగస్వామ్యం అవసరం.

2019 అక్టోబరులో మెహతా ఇజ్రాయెల్ ఫిల్హార్మోనిక్ నుంచి విరమించే నాటికి ఆ బృందంతో ఆయన అనుబంధానికి 58 ఏళ్లు. 'ట్రిస్టాన్' స్వరాలు మాత్రం ఆ బృందం కచేరీలలోకి ఆయన హయాంలో చేరలేదు. ఇంత దీర్ఘ సారథ్యం కూడా తరలించలేకపోయిన ఆ మౌనాన్ని విస్మరించి ఆయన ప్రస్థానాన్ని అంచనా వేయడం సాధ్యం కాదు.